గడప కోసిన ఎర్నాయుడు

కిందటి కార్తీక పౌర్ణమి మర్నాడు, చింతపల్లి కొండల్లో పసుపుమెట్ట అనే ఊళ్ళో, నలుగురి మెప్పు తప్ప ఇంట్లోవాళ్ళ గోడు చెవికెక్కని ఎర్నాయుడు అనే మిరియాల వ్యాపారి తన కన్నతల్లి చిలకమ్మకి అన్యాయం చేశాడు. తిట్టి కాదు, కొట్టి కాదు, కూడు పెట్టక కాదు. ఇంటి గడప కోయించి చేశాడు.

గడప కోస్తే అన్యాయమేమిటి, అది చెక్కముక్కే కదా అనేవాళ్ళు ఆ ఊరి చలికాలం చూసి ఉండరు. మార్గశిరం వచ్చిందంటే పసుపుమెట్టలో కొబ్బరినూనె సీసాలో రాయైపోతుంది. పొద్దు బాగా ఎక్కినా ఎదురింటి అరుగు కనబడదు. సాయంత్రం కాగానే కొండ మీంచి గాలి దిగుతుంది. అది తలుపులు బాదే రకం కాదు. దొంగకుక్కలా నేలబారుగా వచ్చి, సందు ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. ఎర్నాయుడి ఇంట్లో ఆ గాలికి అడ్డుపడింది గడప ఒక్కటే. నాలుగు వేళ్ళ ఎత్తు మద్దిచెక్క. తలుపు రెక్కలు దాని ఒంట్లో చెక్కిన గాడిలో ఒదిగి కూర్చునేవి. చీమకి దారుండేదేమో గానీ గాలికి ఉండేది కాదు.

చిలకమ్మకి ఆయాసం. ప్రతి చలికాలం ఆమెకి ఒక గండం. అందుకే ఆమె మంచం ముందుగదిలో పొయ్యి గోడకి ఆనించి ఉండేది. ఆ గోడకి అవతల వంటిల్లు. పొయ్యి ఆరిపోయినా గోడ తెల్లారేదాకా వెచ్చగా ఉండేది. లోపలి గదిలో పడుకుందామంటే అక్కడన్నీ మిరియాల బస్తాలు. ఆ ఘాటుకి చిలకమ్మకి ఊపిరాడదు. ఎర్నాయుడికి మాత్రం అది లక్ష్మీదేవి పెట్టుకున్న అత్తరు వాసన. పెరటి గది తమ్ముడు రమణది. అతనికి నర్సీపట్నం వైపు సంబంధం కుదిరింది కాబట్టి ఆ గదికి సున్నాలు వేస్తున్నారు.

అలాంటి రోజుల్లో ఎర్నాయుడు ఎర్రటి మోటారుసైకిలు కొన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. హేండిలుకి దండ వేయించాడు. అవసరం ఉన్న వీధికీ, లేని వీధికీ తిప్పాడు. "నీ బండి ముందు పోలీసు బండి దిగదుడుపు," అని ఎవడో టీకొట్టు దగ్గర అన్నాడట. ఆ ఒక్క మాటతో మనిషికి నేల కనబడటం మానేసింది.

పెరట్లో గొడ్లసాల ఖాళీగా ఉంది. రేకుల కప్పు, మూడు వైపులా గోడ. ఆవుని అమ్మేశాక అందులో చీపురుకట్టలు తప్ప ఏమీ లేవు. కానీ టీకొట్టు మెచ్చిన బండిని గొడ్లసాలలో ఎలా పెడతాడు? పౌర్ణమికి తల్లీ పెళ్ళామూ గెడ్డ నీళ్ళలో దీపాలు వదలడానికి పక్కూరు వెళ్ళారు. ఆ సందు చూసుకుని వడ్రంగి కాశీని పిలిచాడు.

మర్నాటి సాయంత్రం ఆడవాళ్ళిద్దరూ తిరిగొచ్చేసరికి గుమ్మం ముందుపళ్ళు ఊడిన నోరులా ఉంది. గడప ఉన్నచోట నున్నటి సిమెంటు వాలు, వీధిలోకి జారుతూ. లోపల పొయ్యి గోడ పక్కన ఎర్ర బండి, దాని మీద కొత్త రగ్గు. చిలకమ్మ మంచం తలుపు పక్కకి వచ్చి పడింది.

"ఇదేటయ్యా?" అంది ఎర్నాయుడి పెళ్ళాం నూకరత్నం.

"ర్యాంపు," అన్నాడు ఎర్నాయుడు మురిసిపోతూ. "బండి దిగక్కర్లేదు. రయ్యిమని లోపలికి వచ్చెయ్యడమే."

"గడపేదీ?"

"అడ్డంగా ఉందని తీయించీసేను. ఆ పక్కో కోత, ఈ పక్కో కోత, ఊడొచ్చేసింది. బాగా ఎండిన మద్ది, పొయ్యిలోకి పనికొస్తాది."

"మరి అత్త మంచం?"

"గుమ్మం పక్కనైతే గాలీ వెలుతురూ వస్తాయని."

"వెలుతురు సంగతేమో గానీ గాలి మాత్రం అడక్కుండానే వస్తాది. రగ్గు బండికి కప్పేవు, గాలి అమ్మకి కప్పేవు. మంచి కొడుకువి!"

నూకరత్నాన్ని అయిదో తరగతిలో బడి మానిపించారు. ఆమె మాత్రం చదువు మానలేదు. పప్పు పొట్లం విప్పితే పప్పు డబ్బాలోకి, కాగితం కళ్ళ ముందుకి వెళ్ళేవి. అచ్చు కనబడితే వదిలేది కాదు, తప్పు కనబడినా వదిలేది కాదు. ఊళ్ళో సగంమందికి ఆమె నోరంటే భయం, మిగతా సగానికి ముచ్చట.

చిలకమ్మ మాత్రం కోడలి చెయ్యి పట్టుకుంది. "పోనీయే అమ్మీ. కొత్త మోజు. నాల్రోజులు పోతే వాడే తీసేస్తాడు."

"సిమెంటు వేసినోడు తీస్తాడా అత్తా?"

"నా కొడుకుని నేనెరగనా?" అంది చిలకమ్మ. ఎరిగినట్టు లేదని ఆమె గొంతే చెప్పింది.

నూకరత్నం పెరట్లో కట్టెలమోపు దగ్గరికి వెళ్ళింది. గడప అక్కడ బోర్లా పడి ఉంది. తిప్పి చూస్తే చెక్క గీతల్లో పసుపు ఇంకా తడిగానే ఉన్నట్టుంది. ఆ ఇంటికి కొత్తకోడలుగా వచ్చిననాటి నుంచీ చిలకమ్మ ప్రతి శుక్రవారం రాసిన పసుపు అది. పిల్లలకి జ్వరమొచ్చినా, మొగుడు పోయిన ఏడాదిలో కూడా, కోడలి చేతైనా రాయించింది గానీ గడపని బోసిగా ఉంచలేదు. నూకరత్నం దాన్ని గోనెలో చుట్టి అటకెక్కించింది. నిచ్చెన దిగుతుంటే కింద చిలకమ్మ నిలబడి చూస్తోంది. నిచ్చెన కదలకుండా పట్టుకుంది.

అక్కణ్ణుంచి యుద్ధం మొదలైంది.

మొదట నూకరత్నం తలుపు కింద సందులో గోనెలు కుక్కింది. ఎర్నాయుడు బండి మీద వచ్చి, కాలితో పక్కకి తన్ని, "ఇల్లా? సంతలో కొట్టా?" అన్నాడు. తర్వాత పాత చీర అంచు పొడుగ్గా కుట్టి, అందులో ఊక దట్టించి, తలుపు పొడుగునా పడేట్టు ఒక దిండు చేసింది. అది చక్కగా పనిచేసింది, ఎర్నాయుడు దాని మీంచి బండి ఎక్కించేదాకా. చీర చిరిగి ఊకంతా మంచం కింద పరుచుకుంది. ఆ దుమ్ముకి చిలకమ్మ దగ్గిదగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత సైకిల్ ట్యూబు కోసి పట్టీలా చేసి తలుపు అడుగున మేకులు కొట్టింది. వాలు మీద రాసుకుని అదీ చిరిగింది.

"గాలి ఆ సందులోంచే వస్తాందని నీకెవడు సెప్పేడు?" అన్నాడు ఎర్నాయుడు. "పాత ద్వారబంధం. గోడకీ దానికీ మధ్య ఎన్ని బీటలున్నాయో! అన్నిటికీ నా బండి మీదే పడి ఏడిస్తే ఎలాగ?"

మాటలో కొంత నిజం ఉంది. కోతల దెబ్బకి ద్వారబంధం కదిలి, చుట్టూ గోడ బీటలిచ్చింది. నూకరత్నం నిజాన్ని ఎవరి నోట్లోంచి వచ్చినా తీసుకుంటుంది. ఎప్పుడో సెనగపిండి పొట్లం మీద చదివిన సంగతి గుర్తుచేసుకుని, రెండు అగరొత్తులు వెలిగించింది. ఒకటి తను పట్టుకుని, ఇంకోటి అత్త చేతికిచ్చింది.

"దేవుడికా?" అంది చిలకమ్మ.

"దొంగకి. ఎక్కణ్ణుంచి దూరుతున్నాడో ఈ పొగ పట్టిస్తాది. పొగ తిన్నగా పైకిపోతే అక్కడ సందు లేనట్టు. వంగిందంటే ఉన్నట్టు."

అత్తాకోడళ్ళు ద్వారబంధం చుట్టూ అగరొత్తులు తిప్పారు. పొగ వంగిన చోటల్లా నూకరత్నం బొగ్గుతో గీత పెట్టింది. బంకమన్నులో ఊకా, పీచూ కలిపి తొక్కి, ఆ బీటలన్నీ మెత్తింది. రెక్కలు కలిసే చోట పాత కంబళి ముక్క అంటించింది. ఆరాక మళ్ళీ అగరొత్తి పెట్టింది. పైన పొగ తిన్నగా లేచింది. పక్కల్లో తిన్నగా లేచింది. అడుగున పెట్టేసరికి పడుకుని, చిలకమ్మ మంచం వైపు చూపుడువేలులా సాగింది.

"ఒరే నాయుడూ, ఇలారా," అని కేకేసింది చిలకమ్మ. అంతవరకు ఆమె కొడుకుని దేనికీ పిలవలేదు. "ఈ పొగ చూడరా."

ఎర్నాయుడు బండి అద్దంలో మీసం సరిచేసుకుంటున్నాడు. "చూసేను. వేలెడు సందు. దానికింత రాద్ధాంతమా! కొండల్లో పుట్టి పెరిగినోళ్ళు చలి చలి అంటే నవ్విపోతారు. చలనేది ఒంట్లో ఉండదమ్మా, మనసులో ఉంటాది."

"అయితే ఆ రగ్గు బండి మీంచి తీసేయ్," అంది నూకరత్నం. "దానికి మనసెక్కడుంది?"

ఎర్నాయుడు కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు.

మార్గశిర శుద్ధ ఏకాదశి పొద్దున్న చిలకమ్మకి ఊపిరి అందలేదు. లేచి కూర్చుని, మంచంపట్టె రెండు చేతులా పట్టుకుని, గుక్కగుక్కకీ భుజాలు ఎగరేస్తోంది. పెదాలు నేరేడుపళ్ళలా అయ్యాయి. నూకరత్నం పెనం మీద వాము వేయించి, మూట కట్టి, వీపుకీ గుండెలకీ కాపడం పెట్టింది. ఆరోగ్యకేంద్రం నుంచి నర్సమ్మ వచ్చి, మందు పీల్పించి, ఊపిరి దారిలో పడ్డాక గదంతా ఒకసారి చూసింది. "ఈమెని గాలిలో ఎందుకు పెట్టేరు? ఈ చలికాలం దాటాలంటే ఈ మంచం ఇక్కడుండకూడదు. మందు నేనివ్వగలను గానీ తలుపు నేను మూయలేను కదా," అంది.

"విన్నావా?" అంది నూకరత్నం.

ఎర్నాయుడు విన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు. "రాత్రికి తమ్ముడి పెళ్ళి. రేపు పెళ్ళివారు వస్తారు. బండి ఎదురుగా కనబడాల కదా. పెళ్ళి హడావుడి కానీ, తర్వాత చూద్దాం."

"ఊపిరి తర్వాత చూసుకునేది కాదయ్యా."

"ఒట్టే! సంక్రాంతి వెళ్ళగానే..."

"నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు," అంది నూకరత్నం. ఆమె పెళ్ళికి వెళ్ళలేదు. అత్త దగ్గరే ఉంది. మంచానికీ తలుపుకీ మధ్య చాప వేసుకుని గాలికి అడ్డంగా పడుకుంది. మనిషి అడ్డు ఎంత అడ్డు! తెల్లారేసరికి ఆమె నడుం కర్రలా బిగిసింది.

మర్నాడు ద్వాదశి, గురువారం. పెళ్ళివారి జీపు మధ్యాహ్నానికి ముందే వచ్చింది. ఒంటిగంటన్నరకి రాహుకాలం. ఆలోగా కొత్తకోడలు ఇంట్లో అడుగుపెట్టాలి.

కొత్తకోడలు ఇంట్లో ఎలా అడుగుపెడుతుంది? గడప మీద శేరు నిండా బియ్యం పెడతారు. ఆమె కుడికాలితో దాన్ని లోపలికి దొర్లిస్తుంది. బియ్యం లోపలికి పడితే సిరి లోపలికి వచ్చినట్టు. ఈ సంగతి ఎర్నాయుడికి తెలుసు. తెలిసే ముందురోజు ఒక పలకచెక్క తెచ్చి, పసుపురంగు డబ్బా తెరిచి, రంగు కొట్టి, దాని మీద కుంకుమ బొట్లు కూడా పెట్టాడు. పెళ్ళి నుంచి అందరికంటే ముందే ఇల్లు చేరి, జీపు వీధి మలుపు తిరగ్గానే ఆ చెక్కని గుమ్మంలో వాలు మీద అడ్డంగా నిలబెట్టాడు.

"దొంగ గడప," అంది నూకరత్నం హారతి పళ్ళెం పట్టుకుని.

"నోర్ముయ్యవే. ఎవరు కనిపెడతారు?"

కనిపెట్టింది మనుషులు కాదు, వాలు. చెక్క మీద శేరు పెట్టి, పెళ్ళికూతురు సత్యవేణి కాలెత్తిందో లేదో, చెక్క నున్నటి సిమెంటు మీద జర్రున జారింది. శేరు తిరగబడి, బియ్యమంతా బిలబిలా ర్యాంపు మీంచి వీధిలోకి దొర్లిపోయింది. వీధిలో కోళ్ళు పెళ్ళివారి కంటే ముందు విందు మొదలెట్టాయి.

ఊరంతా ఒక్కసారి "అయ్యో!" అంది. తర్వాత వెనక వరసలో ఎవరో నవ్వారు.

పెళ్ళికూతురి మేనత్త మహలక్ష్మి ముందుకొచ్చి పసుపురంగు చెక్కని చేత్తో ఎత్తి పట్టుకుంది. "ఇదేటి బాబూ? గడపేదీ? ఇంటికి గడప లేదా?"

"ఉండేదండీ," అన్నాడు ఎర్నాయుడు. "మరి... బండికి అడ్డమని..."

"బండికి అడ్డమని గడప తీయించేవా! సిరి లోపలికి వచ్చేది గడప దాటి. నువ్వు బయటికి పోడానికి వాలు కూడా వేసి పెట్టేవు. మా పిల్ల ఈ గుమ్మంలో అడుగెట్టదు."

"ఏదో చిన్న పొరపాటు. మళ్ళీ ఒకసారి చెక్క పెట్టి, అటూ ఇటూ ఇటుకలు..."

సత్యవేణి ఇంతలో వంగి తన పాదాలు చూసుకుంటోంది. కింద ఊళ్ళలో పెరిగిన పిల్ల, పారాణి కాళ్ళు గజగజా వణుకుతున్నాయి. కొండగాలి ఆమె కాళ్ళ పక్కనుంచి ఇంట్లోకి దూరుతోంది. ఆమె తలెత్తి గుమ్మంలోంచి లోపలికి చూసింది.

"అక్కా, తలుపు పక్కన ఆ మంచం ఎవరిది?" అని నూకరత్నాన్ని అడిగింది.

"మన అత్తది."

"మరి ఆ గోడ పక్కన రగ్గు కప్పుకుని ఎవరున్నారు?"

"మీ బావగారి బండి."

వీధి గొల్లున నవ్వింది. టీకొట్టు దగ్గర బండిని పొగిడినవాడే అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎర్నాయుడి మొహం బండి కంటే ఎర్రగా అయింది. "సరే, నవ్వింది చాలు! రమణా, ఇటుకలు తే. ముందు పిల్లని లోపలికి తీసుకెళ్దాం. గడప సంగతి తర్వాత..."

అప్పుడు మంచం కిర్రుమంది. చిలకమ్మ లేచింది. ఒంటిమీద దుప్పటి ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుని నాలుగడుగులు నడిచి, సరిగ్గా గడప ఉండాల్సిన చోట, ఆ సిమెంటు మీద, అడ్డంగా కూర్చుంది. వీపు ద్వారబంధం ఒక పక్కకి ఆనించింది. కాళ్ళు రెండో పక్కకి తన్నిపెట్టింది.

"అమ్మా! ఏటిది, లే!"

"గడప కావాలన్నార్రా నీ చుట్టాలు. నేనే గడపని." మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది చిలకమ్మ. "అది పోయిన కాణ్ణుంచీ ఆ గాలికి అడ్డం పడుకున్నది నేనే కదా. నిన్న రాత్రి నీ పెళ్ళాం పడుకుంది. దమ్ముంటే నన్ను దాటుకుని ఎళ్ళు."

ఎవరు దాటుతారు? పడుకున్న పిల్లాడినే దాటకూడదంటారు. కన్నతల్లిని, అదీ కొత్తకోడలి ముందు, ఊరి ముందు! ఎర్నాయుడు ముందుకి ఒక అడుగు వేసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"వదినా," అంది మహలక్ష్మి వంగి, మెత్తగా. "పాత గడప ఉందా?"

"పొయ్యిలోకి పోయుంటాది," అన్నాడు ఎర్నాయుడు.

"పోలేదు," అంది నూకరత్నం. హారతి పళ్ళెం మరిది చేతిలో పెట్టి, నిచ్చెన వేసుకుని అటకెక్కింది. గోనె విప్పి, గడపని పసిపిల్లలా రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పసుపు చెక్కుచెదరలేదు.

ఎర్నాయుడి ప్రాణం లేచొచ్చింది. "శభాష్! ఇలా తే. ఇలా నిలబెట్టి, పని కాగానే..."

"నిలబెట్టడానికి కాదు తెచ్చింది," అంది నూకరత్నం. "కాశీ బావా, గుంపులో దాక్కోకు. కోసింది నీ రంపమేగా, అతికేదీ నువ్వే. సంచీ తెచ్చుకో. ఇనప పట్టీలు వేసి, బోల్టులు బిగించు. మళ్ళీ ఎవడికి బుద్ధి గడ్డి తిన్నా ఊడకూడదు. ఏవయ్యా, నువ్వు ముందు బండి బయటికి తియ్యి. గొడ్లసాల ఊడ్చి ఉంచేను. తర్వాత ఆ గునపం పట్టుకుని నీ ర్యాంపు నువ్వే తవ్వు."

"నేనా? ఈ పెళ్ళి బట్టల్లోనా? ఇంతమంది ముందా?"

"ఇంతమంది కోసమే కదా వేసేవు."

ఎర్నాయుడు తల్లి వైపు తిరిగాడు. ఇన్నాళ్ళూ తనని వెనకేసుకొచ్చిన తల్లి. "అమ్మా, రేపు తప్పకుండా చేయిస్తాను. నువ్వైనా చెప్పు."

"రేపటికి నేనుంటానో ఊడతానో," అంది చిలకమ్మ. "నీ బండి బయటికెళ్ళడానికైతే లేస్తాను. మళ్ళీ అది లోపలికి రావడానికి లేవను."

"రాహుకాలం దగ్గరపడతాంది," అన్నారు పెళ్ళివారిలో ఎవరో.

సత్యవేణి ఎదురింటి అరుగు మీద కూర్చుని కాళ్ళు చీర కిందికి ముడుచుకుంది. "నాకేం తొందర లేదు. రేపట్నుంచి నేనుండాల్సిన ఇల్లు. గాలి రాని గుమ్మం కోసం ఎంతసేపైనా కూర్చుంటాను," అంది. రమణ అన్న చేతికి గునపం అందించాడు.

ఎర్నాయుడు బండిని వాలు మీంచి దింపాడు. టీకొట్టు మీదుగా తిప్పకుండా, పక్కసందులోంచి గొడ్లసాలకి తోసుకెళ్ళాడు. వచ్చి గునపం ఎత్తాడు. పట్టు కండువా నడుముకి చుట్టుకుని, చెమటలు కక్కుతూ, తను మురిసిపోతూ పోయించుకున్న సిమెంటుని తనే పగలగొట్టాడు. కాశీ గడపని రెండు కోతల మధ్య కూర్చోబెట్టి, పట్టీలు వేసి బిగించాడు. రంపం తిన్న మేర రెండు చివర్లా సన్నటి సందులు మిగిలితే వాటిలో లక్క కరిగించి పోశాడు. ఆ మచ్చలు ఇప్పటికీ కనబడతాయి. కోసింది కలపొచ్చు గానీ కోయనట్టు చేయడం ఏ వడ్రంగికీ చేతకాదు.

రాహుకాలం ఇంకా పడకముందే శేరు నిండా కొత్త బియ్యం గడప మీద కూర్చుంది. సత్యవేణి కాలు తగలగానే బియ్యం లోపలికి, చిలకమ్మ మంచం కాళ్ళ దాకా పరుచుకుంది. అప్పటికే ఆ మంచాన్ని నూకరత్నం పొయ్యి గోడకి చేర్చేసింది. దాని మీద బండి రగ్గు పరిచింది.

ఎర్నాయుడు మారిపోయాడా అంటే, అలా చెప్పడం అబద్ధం. నలుగురి మెప్పు కోసం తీసిన గడపని నలుగురి నవ్వుకి భయపడి పెట్టాడు. ఇంతవరకే నిజం. అయినా గాలి ఆగడానికి గడప ఉంటే చాలు, ఎర్నాయుడికి బుద్ధి వచ్చేదాకా ఆగక్కర్లేదు. బండి గొడ్లసాలలో హాయిగా ఉంది. పొద్దున్నే ఒక్క తన్నుకి లేస్తోంది. దానికి ఆయాసం లేదు కదా.

మర్నాడు శుక్రవారం. చిలకమ్మ గడపకి పసుపు రాయడం కొత్తకోడలికి నేర్పించింది. తర్వాత ఒక అగరొత్తి వెలిగించి, తలుపు మూయించి, అడుగున పెట్టింది. అత్తా, ఇద్దరు కోడళ్ళూ నేల మీద చతికిలబడి చూశారు. పొగ దారంలా, తిన్నగా, అటక దాకా లేచింది.

"ఇప్పుడు చలెక్కడుందిరా నాయుడూ?" అంది చిలకమ్మ. "ఒంట్లోనా, మనసులోనా?"

"బయటుందమ్మా," అన్నాడు ఎర్నాయుడు తల దించుకుని.

ఇంట్లో చలి ఎంతుందో గుమ్మం పక్కన పడుకున్నవాళ్ళని అడగాలి గానీ పొయ్యి పక్కన పడుకున్నవాళ్ళని కాదు. అడిగే బుద్ధి ఇంటివాడికి లేనప్పుడు, పడుకున్నవాళ్ళు లేచి అడ్డంగా కూర్చోవాలి. ఈ నీతి మళ్ళీ ఎవరూ మరిచిపోకుండా నూకరత్నం దగ్గరుండి కాశీ చేత ఆ గడప లోపలి అంచున ఉలితో తేదీ చెక్కించింది: మార్గశిర శుద్ధ ద్వాదశి, గురువారం.